క్రోమా అంచు చెడేది సాఫ్ట్‌వేర్‌లో కాదు, ఫైలులోనే

ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఇప్పుడు గ్రీన్ మ్యాట్, అంటే తర్వాత వేరే బ్యాక్‌గ్రౌండ్ పెట్టడానికి మనిషి వెనక కట్టే ఆకుపచ్చ గుడ్డ, లేని స్టూడియో అరుదు. కోచింగ్ సెంటర్లు పాఠాలు రికార్డు చేస్తున్నాయి. యూట్యూబ్ న్యూస్ చానళ్లు నడుస్తున్నాయి. పెళ్లి వీడియోలో జంటను మంచుకొండల మధ్య నిలబెట్టమని అడుగుతున్నారు. వీటిలో కనిపించే లోపం మాత్రం ఒకటే: భుజాల చుట్టూ ఆకుపచ్చ గీత, జుట్టు దగ్గర పళ్లు పళ్లుగా విరిగిన అంచు, సగం కరిగిపోయిన చెవి. దానికి అందరూ చెప్పే మందూ ఒకటే, ఇంకో ప్లగిన్ కొనడం. ఆ మందు పనిచెయ్యదు. ఎందుకు పనిచెయ్యదో తెలిస్తే ప్లగిన్‌కు పెట్టే డబ్బు గుడ్డకీ లైట్లకీ పెడతాం.

కెమెరా పట్టిన బొమ్మ ఫైలులోకి వెళ్లేటప్పుడు రెండుగా విడిపోతుంది. వెలుతురు ఒక పక్క, రంగు ఒక పక్క. మొదటిది ల్యూమా, రెండోది క్రోమా. 1080పి ఫ్రేములో వెలుతురు విలువలు 1920 × 1080, అంటే 20,73,600. ఫోన్లు, డీఎస్‌ఎల్‌ఆర్‌లు, హ్యాండీక్యామ్‌లు దాదాపు అన్నీ రాసే 4:2:0 పద్ధతిలో రంగు విలువలు 960 × 540 మాత్రమే. నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్క రంగు అన్నమాట. ముగ్గులో గీత సన్నగా వేసి రంగు చేత్తో చల్లినట్టుగా ఉంటుంది ఆ బొమ్మ. గీత సరిగ్గా ఉంటే చూసే కంటికి రంగు అటూ ఇటూ జరిగింది కనబడదు. అందుకే ఈ పద్ధతి ఇన్నేళ్లుగా నిలబడింది. కానీ కీయర్, అంటే ఆకుపచ్చను తీసేసి మనిషిని విడగొట్టే (కీ చేసే) పనిముట్టు, చూసేది గీతను కాదు, రంగును. మనం 1080పి అనుకుని పని చేస్తున్న ఫైలులో దానికి దొరికే అంచు 540 వరుసలదే.

పాత డీవీ క్యాసెట్ల సంగతి ఇంకా కష్టం. మన పాల్ డీవీలో బొమ్మ 720 × 576 అయితే రంగు 360 × 288. పైగా అది ఇంటర్‌లేస్డ్, అంటే సరి వరుసలు ఒక క్షణానివి, బేసి వరుసలు మరో క్షణానివి. అలాంటి ఫుటేజ్‌ను ముందు డీఇంటర్‌లేస్ చెయ్యకుండా, అంటే ఆ రెండు క్షణాలనూ విడదియ్యకుండా, కీ చేస్తే కదిలే చేతి చుట్టూ దువ్వెన పళ్లు తప్పవు.

సగం నష్టం ఇది. రెండో సగం కంప్రెషన్ చేస్తుంది. 1080పి, సెకనుకు 25 ఫ్రేములు, 8 బిట్, 4:2:0 బొమ్మను కుదించకుండా రాస్తే సెకనుకు 622 మెగాబిట్లు అవుతుంది. ఏవీసీహెచ్‌డీ కెమెరా దాన్నే 24 మెగాబిట్లలో ఇరికిస్తుంది. ఎక్కడ తగ్గిస్తుందంటే, బొమ్మను చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో సన్నని వివరాలను ముందు వదిలేస్తుంది. రంగులో ఇంకా ఎక్కువ వదిలేస్తుంది. సన్నని వివరం ఉండేదే అంచులో. నల్లని జుట్టు, వెలుగుతున్న గ్రీన్ ఒకే గడిలో కలిస్తే ఆ రెంటి మధ్య తేడాను తక్కువ బిట్లలో రాయడం కుదరదు. అందుకే అంచు చుట్టూ చీమలు పాకినట్టు ఒక కదలిక పుడుతుంది. అది తర్వాత ఆల్ఫాలోకి, అంటే మనిషి ఉన్నచోట తెలుపు, ఖాళీ ఉన్నచోట నలుపు చూపే బొమ్మలోకి, నేరుగా దిగుతుంది.

ఇక్కడ ఒక అపోహను తీసెయ్యాలి. 4:2:0 ఫైలును ప్రోరెస్ 4444 లాంటి, పిక్సెల్‌కో రంగు దాచే ఫార్మాట్‌లోకి మార్చితే పోయిన రంగు తిరిగిరాదు. మార్చడం వల్ల ఎడిటింగ్ సాఫీగా సాగుతుంది, మధ్య దశల్లో మళ్లీ మళ్లీ కంప్రెస్ కాకుండా ఉంటుంది. అంతవరకే లాభం. లేని 540 వరుసల్ని ఏ ఫార్మాటూ పుట్టించలేదు.

మరి పుట్టించే దారి ఉందా అంటే, ఒకటి ఉంది. చాలామంది జేబులోనే ఉంది. 4కెలో తీసి 1080పిలో ఇవ్వడం. 3840 × 2160 ఫ్రేములో 4:2:0 రంగు 1920 × 1080 ఉంటుంది. ఫ్రేమును అటూ ఇటూ సగానికి తగ్గిస్తే ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో రంగు విలువ దక్కుతుంది. వెలుతురు విలువలు నాలుగేసి కలిసి ఒకటవుతాయి కాబట్టి నాయిస్ కూడా తగ్గుతుంది. కోచింగ్ పాఠం చివరికి చూసేది ఫోన్ తెర మీద. దాన్ని 4కెలో ఇవ్వాల్సిన అవసరం లేదు, 4కెలో తియ్యాల్సిన అవసరం మాత్రం ఉంది. ఒక హెచ్చరిక: 4కె అని పేరుండి బిట్‌రేట్ (సెకనుకు రాసే బిట్లు) తక్కువ ఉంటే ఈ లాభం చాలావరకు ఆవిరైపోతుంది. కెమెరాలో ఎంచుకునే వీలుంటే 100 మెగాబిట్లు పెట్టండి. ఫోన్లో అయితే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్‌తో కోడెక్ (బొమ్మను కుదించే పద్ధతి), షట్టర్, ఐఎస్‌ఓ మన చేతిలోకి వస్తాయి.

కెమెరాలోనే 10 బిట్ 4:2:2 (రంగు అడ్డంగా మాత్రమే సగమయ్యే పద్ధతి) రాసే సదుపాయం ఉంటే అది వాడండి, రెండో ఆలోచన వద్దు. హెచ్‌డీఎంఐ నుంచి బయటి రికార్డర్‌లోకి ప్రోరెస్ 422 పట్టినా మంచిదే. 1080పి 25 ఫ్రేములకు అది సెకనుకు 122 మెగాబిట్లు, గంటకు సుమారు 55 జీబీ. ఆ హార్డ్ డిస్క్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. పాఠాలు నేరుగా ఓబీఎస్ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసేవాళ్లు కీని అక్కడే చేసేస్తే ఈ గొడవ చాలా తగ్గుతుంది, ఎందుకంటే కెమెరా సిగ్నల్ ఇంకా వీడియో ఫైలుగా కుదించుకుపోకముందే కీ అయిపోతుంది. గ్రీన్‌తోనే రికార్డు చేసి తర్వాత కీ చేద్దామనుకుంటే మాత్రం సెట్టింగ్స్‌లో కలర్ ఫార్మాట్ ఎన్‌వీ12 (అది 4:2:0) నుంచి ఐ444కు (పిక్సెల్‌కో రంగు) మార్చుకోవాలి, ఎన్‌కోడర్ ఒప్పుకుంటే.

ఇంకో చిట్కా, పైసా ఖర్చు లేనిది. నిలబడిన మనిషిని అడ్డం ఫ్రేములో తీస్తే ఇరుపక్కలా గ్రీన్ తప్ప ఏమీ ఉండదు. కెమెరాను ట్రైపాడ్ మీద నిలువుగా తిప్పండి. అదే మనిషికి 1080 పిక్సెళ్ల ఎత్తు బదులు 1920 వస్తుంది. మాస్టారు చేతులు బాగా చాపి చెప్పే మనిషైతే ఫ్రేము దాటుతాయా అని ఒకసారి చూసుకుంటే చాలు.

లైటింగ్‌కు వద్దాం. లైటింగ్ బాగుండాలని అందరూ అంటారు, కారణం మాత్రం సగమే చెబుతారు. గుడ్డ మీద వెలుతురు సమంగా ఉంటే కీయర్‌కు సులువు, అది నిజమే. దానికన్నా పెద్ద సంగతి, నున్నగా ఉన్న గ్రీన్‌ను రాయడానికి కోడెక్‌కు బిట్లు దాదాపు అక్కర్లేదు. ముడతలు, నీడలు, ఐఎస్‌ఓ పెంచితే వచ్చే నాయిస్, ఫ్యాను గాలికి ఊగే గుడ్డ, ఇవన్నీ బిట్లు తింటాయి. అవి తిన్న ప్రతి బిట్టూ జుట్టుకు అందాల్సిందే. మే నెలలో ఒంగోలు గదిలో ఫ్యాను ఆపమని ఎవరినీ అడగలేం. కాబట్టి గుడ్డను పైన క్లిప్పులతో బిగించి, కింద అంచులో పైపు దూర్చి బరువు వెయ్యండి. శాటిన్ వద్దు, మెరుస్తుంది. మెరిసిన చోట గ్రీన్ తెల్లబడుతుంది. మెరుపులేని మందపాటి నూలు గుడ్డ ఇస్త్రీ చేసి కట్టండి. శాశ్వతంగా ఒక గోడ ఉంటే మ్యాట్ ఎమల్షన్ పెయింట్ అన్నిటికన్నా మేలు.

గుడ్డకు రెండు లైట్లు ఇరుపక్కల నుంచి, మనిషికి వేరే లైట్లు. గుడ్డ మీద ఈ మూలకూ ఆ మూలకూ తేడా అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) మించకూడదు. వేవ్‌ఫామ్‌లో, అంటే వెలుతురును శాతాల్లో చూపే గ్రాఫులో, చూస్తే గ్రీన్ ఒక సన్నటి పట్టీలా 50 శాతం దగ్గర పడుకుని ఉండాలి. బాగా వెలిగితేనే కీ బాగా వస్తుందని గుడ్డ మీద లైట్లు గుమ్మరించేవాళ్లున్నారు. అది తప్పు. 70 దాటేకొద్దీ రంగు పలుచనవుతుంది, మనిషి మీద పడే గ్రీన్ చాయ (దీన్నే స్పిల్ అంటారు) పెరుగుతుంది. మనిషికీ గుడ్డకూ మధ్య 8 అడుగులు ఉంటే హాయి. మన స్టూడియోలు చాలావరకు ఇంటి గదులే కాబట్టి అన్ని అడుగులు దొరకవు. అప్పుడు ఫ్రేములో కనబడని గ్రీన్‌నంతా నల్ల గుడ్డతో కప్పండి. కెమెరాకు అక్కర్లేని గ్రీన్ చేసే పని ఒక్కటే, చెంపల మీద పడటం. పక్క గోడలు తెల్లవైతే వాటికీ నల్ల గుడ్డే.

కెమెరా సెట్టింగులు త్వరగా చెబుతాను. షట్టర్ 1/100. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 గానీ 1/100 గానీ పెడితే లైట్లు మినుకుమనవు. 1/100తో చేతుల బ్లర్ సగానికి తగ్గుతుంది. ఎపర్చర్ ఎఫ్4 నుంచి ఎఫ్5.6. ఎఫ్1.8లో ముక్కు ఫోకస్‌లో ఉండి చెవులు కరిగిపోతే ఆ కరిగిన అంచును ఏ కీయరూ గట్టిపరచలేదు. ఐఎస్‌ఓ కెమెరా బేస్ దగ్గరే. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, ఫోకస్ మూడూ లాక్. ఫోన్లో హెచ్‌డీఆర్ ఆఫ్. లాగ్ ప్రొఫైల్ (బొమ్మను చప్పగా పట్టి తర్వాత రంగులు దిద్దుకునే సెట్టింగు) 8 బిట్ కెమెరాలో వద్దే వద్దు. లాగ్ రంగుల మధ్య దూరాన్ని దగ్గరికి నొక్కేస్తుంది, మనకు కావలసింది చర్మానికీ గ్రీన్‌కూ వీలైనంత దూరం.

షార్ప్‌నెస్ మీద మాత్రం కాస్త ఆగాలి. కెమెరా షార్ప్‌నెస్ అంటే అంచుకు అటు ఒక తెల్ల గీత, ఇటు ఒక నల్ల గీత కలపడం. ఆ గీతలు ఫైలులో పడ్డాక అవి మనిషివో గ్రీన్‌వో చెప్పలేం. కీ చేశాక నల్ల గీత మనిషితోపాటు కొత్త బ్యాక్‌గ్రౌండ్ మీదికి వచ్చేస్తుంది, కత్తెరతో కోసి అతికించినట్టు కనబడటానికి ముఖ్య కారణం అదే. ప్రొఫైల్‌లో షార్ప్‌నెస్ అట్టడుగుకు దించండి. కావాలంటే అంతా అయ్యాక చివర్లో కలుపుకోవచ్చు.

గ్రీన్ ఎందుకు, బ్లూ ఎందుకు కాదు? సెన్సర్‌లో ప్రతి ఎరుపు, ప్రతి నీలం గడికి రెండు ఆకుపచ్చ గళ్లుంటాయి. హెచ్‌డీ ల్యూమా లెక్కలో ఆకుపచ్చ వాటా 0.7152, నీలం వాటా 0.0722. అందువల్ల గ్రీన్ శుభ్రంగా వస్తుంది, బ్లూలో నాయిస్ ఎక్కువ, వెలుతురూ ఎక్కువ కావాలి. అయినా మన పెళ్లిళ్లు తీసే ప్రతి స్టూడియోలో ఒక బ్లూ మ్యాట్ ఉండి తీరాలంటాను. చిలకపచ్చ పట్టుచీర, చేతినిండా ఆకుపచ్చ గాజులు, జడలో మల్లెల మధ్య మరువం. ఈ మరువం సంగతి ఎవరికీ ముందు తట్టదు. జడలో చిల్లులు పడ్డాక ఎడిటర్ జుట్టు పట్టుకుంటాడు. బట్టలేమిటో షూటింగుకు ముందురోజే కనుక్కోవాలి. నెమలికంఠం రంగు చీరకు గ్రీన్ కుదరదు, బ్లూ కుదరదు. ఆ షాట్‌ను అసలు లొకేషన్‌లో తియ్యడమే న్యాయం.

వెంకటగిరి చీరలాంటి పల్చటి నేతలో పైట అంచు గుండా వెనక గుడ్డ కనబడుతుంది. 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఊరు కాబట్టి ఈ చీర మన షూటింగుల్లో తరచు తగులుతుంది. అక్కడ ఆల్ఫా తెలుపూ కాదు, నలుపూ కాదు, మధ్య బూడిద రంగులో ఉండాలి. దాన్ని బలవంతంగా తెలుపు చేస్తే పైట ఆకుపచ్చ గుడ్డ అవుతుంది, నలుపు చేస్తే మాయమవుతుంది. జరీ అంచు గ్రీన్‌ను అద్దంలా తిప్పికొడుతుంది, దానికి మనిషిని గుడ్డకు దూరం జరపడం తప్ప మంచి మార్గం లేదు.

ఇక ఫైలు చేతికొచ్చాక. కుదించుకుపోయిన ఫుటేజ్‌లో రంగు మొరటుగా ఉంది, వెలుతురు సన్నగా ఉంది. కాబట్టి రంగును సాపు చేసి, గీతను ముట్టుకోకుండా వదలాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చానల్ కంబైనర్‌తో ఆర్‌జీబీని వైయూవీ, అంటే వెలుతురు వేరు రంగు వేరుగా, చెయ్యండి. దాని మీద చానల్ బ్లర్ వేసి గ్రీన్, బ్లూ చానళ్లను మాత్రమే, అంటే ఇప్పుడు రంగు ఉన్న రెంటినే, 2 పిక్సెళ్లు బ్లర్ చెయ్యండి. ఇంకో చానల్ కంబైనర్‌తో వెనక్కి ఆర్‌జీబీ. దాని తర్వాతే కీలైట్ (ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తో వచ్చే కీయర్). డావిన్చి రిజాల్వ్ ఎడిటర్‌లోని ఫ్యూజన్‌లో ఇదే పని కలర్ స్పేస్ నోడ్, బ్లర్ నోడ్, మళ్లీ కలర్ స్పేస్ నోడ్. ఈ సదుపాయాలు లేని ఎడిటర్‌లో, అదే క్లిప్పు ఇంకో కాపీ పైన పెట్టి, కొద్దిగా బ్లర్ చేసి, బ్లెండ్ మోడ్ కలర్ అని పెట్టినా ఫలితం చాలా దగ్గరగా వస్తుంది. 1080పి 4:2:0కు 2 పిక్సెళ్లు, అమెరికా పద్ధతి 4:1:1 డీవీకి అడ్డంగా 4. అంతకు మించితే ముఖం రంగు గ్రీన్‌లోకి, గ్రీన్ ముఖంలోకి పాకుతాయి.

అంతకన్నా ముఖ్యం, ఈ బ్లర్ చేసిన కాపీని ఆల్ఫా తియ్యడానికే వాడాలి. తెర మీద కనబడే బొమ్మ అసలు క్లిప్పుదే కావాలి. చాలామంది డీనాయిస్ చేసిన, బ్లర్ చేసిన కాపీనే చివరిదాకా మోసుకుపోయి ముఖం మైనం బొమ్మలా తేలిందని బాధపడతారు.

మనిషికి ఒకవైపే గ్రీన్ గీత ఉండి రెండోవైపు నల్లగా ఉంటే అది లైటింగ్ తప్పు కాకపోవచ్చు. హెచ్.264లో రంగు నమూనా మామూలుగా రెండు పిక్సెళ్ల జతలో ఎడమ పిక్సెల్‌తో కలిసి కూర్చుంటుంది. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ అది మధ్యలో ఉందనుకుని విప్పితే రంగంతా అర పిక్సెల్ పక్కకు జరుగుతుంది. వైయూవీలో ఉన్నప్పుడే రంగు చానళ్లను అర పిక్సెల్ అటో ఇటో జరిపి చూడండి. రెండు వైపులా అంచు ఒకేలా అయ్యిందంటే దోషం దొరికినట్టే.

కీయర్‌లో మొదట మనిషి చుట్టూ వదులుగా ఒక మాస్క్ గీసి గది మూలలన్నీ తీసెయ్యండి. తర్వాత అంచుకు ఆనుకుని ఉన్న గ్రీన్‌ను ఎంచుకోండి, దూరంగా ఉన్నదాన్ని కాదు. కీలైట్‌లో క్లిప్ బ్లాక్ (ఆల్ఫాలో దానికి కిందిదంతా నలుపు) 10 నుంచి 20, క్లిప్ వైట్ (దానికి పైదంతా తెలుపు) 80 నుంచి 90 మధ్య ఆగాలి. చొక్కాలో చిల్లులు పడ్డాయని క్లిప్ వైట్‌ను 50కి దించితే చిల్లులు పూడతాయి, జుట్టు కూడా రాయిలా గట్టిపడుతుంది. చిల్లులకు వేరే మందు ఉంది: అదే క్లిప్పును రెండుసార్లు కీ చెయ్యండి. ఒకటి గట్టిగా చేసి, లోపలికి 8, 10 పిక్సెళ్లు కుదించి కడుపు నింపడానికి, రెండోది మెత్తగా అంచు కోసం. జుట్టుకు ఒక కీ, భుజాలకు ఒక కీ పెట్టి మాస్క్‌తో విడగొట్టడం ఇంకా మంచిది. చివర్లో అంచును లోపలికి నొక్కడం 1080పిలో ఒక్క పిక్సెల్ మించకూడదు. గీత పోలేదని 3, 4 నొక్కేవాళ్లే చెవులు తినేది.

అంచు ఆగి చూస్తే బాగుంటుంది, ఆడిస్తే ఉడుకుతున్నట్టు కదులుతుంది. కోడెక్ ప్రతి 12, 15 ఫ్రేములకో ఇంకా ఎక్కువకో ఒకసారి పూర్తి ఫ్రేము రాసి మధ్యవి తేడాలుగా రాయడం వల్ల, ఆ పూర్తి ఫ్రేము దగ్గర అంచు ఒక్కసారి గెంతుతుంది. కీకి ముందు టెంపోరల్ నాయిస్ రిడక్షన్ (పక్క ఫ్రేములతో పోల్చి నాయిస్ తగ్గించేది) పెడితే ఇది చాలావరకు అణుగుతుంది. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో అది రాదు, డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లో వస్తుంది. నేను కొనమని చెప్పే సాఫ్ట్‌వేర్ అంటూ ఉంటే ఇదొక్కటే.

డీస్పిల్, అంటే ఆ గ్రీన్ చాయను తుడిచే పని, దగ్గర మన వాళ్లందరూ ఒకే గోతిలో పడుతున్నారు. అంచు పిక్సెల్‌లో ఆకుపచ్చ ఎక్కువైందని దాన్ని ఎరుపు, నీలాల సగటుకు దించుతారు. రంగు పోతుంది, నిజమే. కానీ వెలుతురులో 71 శాతం ఆకుపచ్చ నుంచే వస్తుంది కాబట్టి ఆ పిక్సెల్ నల్లబడుతుంది. ఆకుపచ్చ గీత పోయి నల్ల గీత వచ్చిందని తలపట్టుకునేది అందుకే. యూట్యూబ్ ఎలాగూ మన వీడియోను మళ్లీ 4:2:0కే కుదిస్తుంది. ఒక పిక్సెల్ రంగు తేడా ప్రేక్షకుడికి అందదు, వెలుతురు తేడా అందుతుంది. డీస్పిల్ చేశాక పోయిన వెలుతురును తిరిగి కలపాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అడ్వాన్స్‌డ్ స్పిల్ సప్రెసర్‌లో అల్ట్రా మోడ్ పెడితే ల్యూమా కరెక్షన్ ఉండేది ఇందుకే.

సగటుతో ఇంకో ప్రమాదం పసుపుకు. పసుపు పట్టుచీర పిక్సెల్ ఎరుపు 230, ఆకుపచ్చ 190, నీలం 40 అనుకోండి. సగటు పద్ధతిలో ఆకుపచ్చ 135కు పడిపోయి చీర నారింజ రంగవుతుంది. పెళ్లికూతురి తల్లి అది చూసి ఊరుకోదు. ఆకుపచ్చను ఎరుపు, నీలాల్లో పెద్దదానికి మాత్రమే పరిమితం చేసే పద్ధతి ఎంచుకుంటే హద్దు 230, చీర చెక్కుచెదరదు. మంగళస్నానం, పసుపు బట్టలు, చామంతి దండలు ఉన్న ప్రతి షాట్‌లో ఇదే వాడాలి.

కీ సరిగ్గా వచ్చిందా అని తుది బ్యాక్‌గ్రౌండ్ మీదే చూడండి. తెల్లటి స్లయిడ్ మీద నల్ల జుట్టును శుభ్రంగా నిలబెట్టడం అన్నిటికన్నా కష్టం. కోచింగ్ పాఠాలకు ముదురు ఆకుపచ్చ బోర్డు లాంటి బ్యాక్‌గ్రౌండ్ పెడితే మిగిలిన కొద్దిపాటి స్పిల్ అందులో కలిసిపోతుంది. ఇది మోసం కాదు, బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకోవడం కూడా కీయింగ్‌లో భాగమే. ఏఐతో మనిషిని విడదీసే పనిముట్లను లోపలి మాస్క్‌కు, గది మూలలు తీసెయ్యడానికి వాడుకోండి. గాలికి ఎగిరే వెంట్రుకల దగ్గర, పల్చటి పైట దగ్గర అవి ఊహిస్తాయి, ఫ్రేము ఫ్రేముకీ వేరేగా ఊహిస్తాయి.

చివరిది, వాట్సాప్. కందుకూరు నుంచో మార్కాపురం నుంచో విలేకరి గ్రీన్ ముందు నిలబడి తీసుకున్న క్లిప్పు వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది దారిలోనే మళ్లీ కుదించుకుపోతుంది. పైన చెప్పిన ఏ పనీ దాన్ని బాగుచెయ్యలేదు. అదే క్లిప్పును డాక్యుమెంట్‌గా జతచేస్తే 2 జీబీ దాకా యథాతథంగా వస్తుంది, అంతకు మించితే డ్రైవ్ లింకు. అసలు ఫైలు ఫోన్లోంచి తుడిచేశారని చెబితే ఆ క్లిప్పును కీ చెయ్యకండి. గ్రీన్‌తో సహా కత్తిరించి, భుజాల దాకా ఉన్న చిన్న పెట్టెలో, గ్రీన్‌ను మామూలు బూడిద రంగులోకి మార్చి తెర మూలన పెట్టండి. అప్పుడు అంచు దగ్గర రంగు కొద్దిగా అటూ ఇటూ ఉన్నా వెలుతురు గీత అసలుదే ఉంటుంది, ముఖం ముఖంలాగే కనబడుతుంది.